పైకి లేవని మంట

మే నెలలో నాలుగు రోజులు సెలవు దొరికితే మైలవరం వెళ్ళాను. మామిడికాయల సీజను కదా, ఇంట్లో ఒక గదంతా గడ్డి పరిచి రసాలు మాగేశారు. కాలు పెట్టడానికి చోటు లేదు. రెండో రోజు రాత్రి గాలిదుమారం వచ్చి కరెంటు పోయింది. ఇన్వర్టరు అరగంట పనిచేసి చేతులెత్తేసింది (బ్యాటరీలో నీళ్ళు పోయించమని నేను ఫోన్లో చెప్పడం, నాన్న సరేననడం, మర్చిపోవడం మా ఇంట్లో ఏటా జరిగే తంతు). అమ్మ కొవ్వొత్తి వెలిగించి బల్ల మీద పెట్టింది. దాని ముందు కూర్చున్న మా మేనల్లుడు, ఆరో తరగతి వెళ్ళబోతున్నాడు, ఉన్నట్టుండి అడిగాడు:

"మావయ్యా, స్పేస్‌లో కొవ్వొత్తి వెలిగిస్తే మంట ఎటు పోద్ది?"

"ఎటూ పోదురా, గుండ్రంగా ఉంటది" అన్నాను. ఎప్పుడో చదివిందే. "అయితే అక్కడ అంటుకుంటే డేంజర్ కాదన్నమాట" అన్నాడు వాడు. అవునందామని నోరు తెరిచి, ఆగాను. నిజంగా నాకు తెలీదు. బెంగుళూరు వచ్చాక రెండు వారాలు రాత్రిళ్ళు కూర్చుని చదివితే తేలిందేంటంటే, వాడు తీసిన లెక్కలాంటిదే పెద్ద పెద్దవాళ్ళు కూడా చాలా ఏళ్ళు తీశారు. ఈ టపా దాని గురించే.

ముందు మంట సంగతి. కొవ్వొత్తి మంట దగ్గర గాలి వేడెక్కి తేలికై పైకి పోతుంది, ఆ ఖాళీలోకి కింద నుంచి చల్లటి కొత్త గాలి వస్తుంది. మంట కోసుగా సాగేది అందుకే. ఆ పసుపు రంగు లోపల కాగుతున్న మసిది. బరువు తెలియని చోట "తేలికైనది పైకి" అన్న మాటకి అర్థం లేదు. 1992లో షటిల్‌లోనూ, 1996లో మిర్ స్టేషన్లోనూ కొవ్వొత్తులు వెలిగించి చూశారు. మంట చిన్నగా, నీలంగా, దాదాపు బంతిలా వచ్చింది. కాలిన గాలి దాని చుట్టూనే ఉండిపోతుంది. కొత్త ఆక్సిజన్ ఆ పొరలోంచి మెల్లగా ఇంకుతూ లోపలికి రావాలి. అంటే మంట తన పొగలో తనే ఉక్కిరిబిక్కిరవుతుంది. ఇంతవరకూ మా వాడి లాజిక్కు కరెక్టే.

కానీ నౌక లోపల గాలి ఊరికే నిలబడి ఉండదు, ఉండకూడదు. ఫ్యాన్లు ఆగిపోతే నిద్రపోతున్న మనిషి వదిలిన ఊపిరే అతని మొహం చుట్టూ మబ్బులా పోగవుతుంది. అందుకని ఇరవైనాలుగు గంటలూ గాలి మెల్లగా కదులుతూనే ఉండాలి, సెకనుకి పదో ఇరవయ్యో సెంటీమీటర్ల చొప్పున. మనకైతే ఆ గాలి ఒంటికి తెలియనే తెలియదు.

మా అమ్మమ్మ కట్టెల పొయ్యి దగ్గర ఊదురు గొట్టం ఉండేది. ఆవిడ దాన్ని ఊదే పద్ధతి చూడాలి. నేను చిన్నప్పుడు బుగ్గలు పూరించి ఒక్కసారిగా ఊదితే బూడిద లేచి కళ్ళల్లో పడేది, ఉన్న మంట కాస్తా ఆరేది. ఆవిడ సన్నగా, నెమ్మదిగా, పాలు పొంగు మీద ఊదినట్టు ఊదేది. నివురు కింద నిప్పు ఎర్రబడి పుల్ల అంటుకునేది. గాలి అసలు లేకపోతే ఆరుతుంది, ఎక్కువైతే ఆరుతుంది, మధ్యలో ఎక్కడో ఒకచోట మంటకి సుఖం. కేబిన్ ఫ్యాను ఊదే గాలి సరిగ్గా ఆ సుఖమైన చోటుకి దగ్గర్లో ఉంది!

భూమ్మీద మంటకి ఈ వెసులుబాటు లేదు. మనం ఊదకపోయినా వేడి వల్ల లేచే గాలి దాన్ని బలంగా లాగుతూనే ఉంటుంది. ఆక్సిజన్ బొటాబొటిగా ఉన్నప్పుడు ఆ లాగుడే దాన్ని ఆర్పేస్తుంది కూడా. బరువు లేనిచోట, మెల్లటి గాలిలో మంటకి తీరిగ్గా కాలే టైము దొరుకుతుంది. అందువల్ల కొన్ని పదార్థాలు ఇక్కడ ఆరిపోయేంత తక్కువ ఆక్సిజన్‌లో కూడా అక్కడ కాలుతూనే ఉంటాయి. ఇది చదివినప్పుడు నేను కుర్చీలో కాస్త ముందుకి జరిగాను.

ఇంకోటి. నేను ఏడో తరగతిలో ఉండగా మా వీధి చివర గడ్డివామి అంటుకుంది. పెద్దవాళ్ళు ముందు వామి వైపు పరిగెత్తలేదు. గాలి ఎటు వీస్తోందో చూసి, ఆ వైపున్న పాకల మీద తడి గోనెలు కప్పారు. వామి ఎలాగూ పోతుంది, గాలివాటున ఉన్న ఇళ్ళు కాపాడుకోవాలి. తరతరాల అనుభవం అది. అంతరిక్షంలో అదే అనుభవం మనల్ని తప్పుదారి పట్టించవచ్చు. 1996లో షటిల్‌లో పల్చటి కాగితాలని మధ్యలో అంటించి మెల్లటి గాలి వదిలితే, మంట గాలికి ఎదురు పాకింది. ఎందుకంటే కొత్త ఆక్సిజన్ వచ్చేది అటు నుంచే. గాలి పోయే వైపు ఆ మంటే ఆక్సిజన్ అంతా తినేసి పంపిస్తోంది, అక్కడేం మిగల్లేదు. గోనె ఎటు కప్పాలన్నదే తలకిందులైంది.

ఇప్పుడు మన ఫీల్డు వాళ్ళకి బాగా అర్థమయ్యే భాగానికొస్తాను, టెస్టింగు.

నాసా దగ్గర నౌక లోపల వాడే సామాన్లకి ఒక ప్రమాణం ఉంది, పేరు నాసా ఎస్‌టిడి 6001. అందులో మొట్టమొదటి టెస్టు ఇది: పదార్థాన్ని ముప్పై సెంటీమీటర్ల ముక్కగా కోసి నిలువుగా వేలాడదీసి, ఎంత ఆక్సిజన్‌లో వాడబోతున్నారో అంత ఆక్సిజన్‌లో, అడుగున అంటిస్తారు. మంట 15 సెంటీమీటర్లు పాకేలోపు దానంతటది ఆరిపోవాలి. కారే బొట్లు కింద పెట్టిన కాగితాన్ని అంటించకూడదు. నిలువుగా, కింది నుంచి ఎందుకంటే భూమ్మీద మంటకి అంతకన్నా అనువైన భంగిమ లేదు. "ఇంత ఘోరమైన పరిస్థితిలో పాసైతే అక్కడ ఢోకా లేదు" అన్నది దాని వెనక ఉన్న నమ్మకం. చాలావరకు నమ్మదగ్గదే. కాకపోతే ఇక్కడి వర్స్ట్ కేసూ, అక్కడి వర్స్ట్ కేసూ ఒకటి కానక్కర్లేదని పైన చెప్పిన ప్రయోగాలు చెబుతున్నాయి. టెస్ట్ సర్వర్లో వంద రెట్లు లోడు పెట్టి పాస్ చేశాం, ప్రొడక్షన్లో లోడు తక్కువే గానీ అది వేరే రకం లోడు. ఎన్నిసార్లు తిన్నాం ఈ దెబ్బ!

దీనికి తిరగేసిన కేసు అపోలో 1. 1967 జనవరి 27న గ్రిసమ్, వైట్, చాఫీ నేల మీదే, లాంచ్ పాడ్ మీద రిహార్సల్లో ఉన్నారు. రాకెట్లో ఇంధనం లేదు కాబట్టి అది ప్రమాదకరమైన టెస్టుల లిస్టులో లేదు. ఆకాశంలోకి వెళ్ళాక కేబిన్లో ఉండాల్సింది అయిదు పి.ఎస్.ఐ. ఒత్తిడిలో ఆక్సిజన్. కానీ నేల మీద బయటి గాలి లోపలికి రాకుండా 16.7 పి.ఎస్.ఐ. దాకా స్వచ్ఛమైన ఆక్సిజన్ నింపారు. అంటే మామూలు గాలిలో ఉండే ఆక్సిజన్‌కి అయిదు రెట్లు. అందులో నైలాన్ వలలు, వెల్‌క్రో ముక్కలు ఎక్కడ పడితే అక్కడ. ఎక్కడో తీగ దగ్గర నిప్పురవ్వ పుట్టింది. మంట అని లోపల్నుంచి మొదటి కేక వినపడిన పదిహేను ఇరవై సెకన్లలోపే ఒత్తిడికి కేబిన్ గోడ చీలింది. తలుపేమో లోపలికి తెరుచుకునేది, అన్నీ సవ్యంగా ఉన్నా ఒకటిన్నర నిమిషం పట్టేది. పెరిగిన ఒత్తిడికి అది కదల్లేదు. ముగ్గురూ పోయారు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఏంటంటే, మెర్క్యురీ, జెమిని నౌకల్లో కూడా లాంచ్ ముందు ఇదే పద్ధతి. అన్నిసార్లూ ఏమీ కాలేదు. "పోయిన రెండు రిలీజులూ ఇలాగే చేశాం కదా" అన్న వాక్యం మనం మీటింగుల్లో ఎన్నిసార్లు వినలేదు, ఎన్నిసార్లు అనలేదు? (నేను అన్నాను. పోయిన డిసెంబర్లోనే.)

అంతకి ఆరేళ్ళ ముందే, 1961 మార్చిలో, బొండరెంకో అనే ఇరవైనాలుగేళ్ళ సోవియట్ కుర్రాడు ఆక్సిజన్ ఎక్కువ ఉన్న గదిలో శిక్షణ పొందుతూ, ఆల్కహాల్ తడిపిన దూది ఎలక్ట్రిక్ పొయ్యి మీద పడి అంటుకుని చనిపోయాడు. ఆ సంగతి ప్రపంచానికి తెలిసింది 1986లో. ఒకడి ఇన్సిడెంట్ రిపోర్టు ఇంకొకడికి అందకపోతే ఏమవుతుందో దీనికన్నా పెద్ద ఉదాహరణ నాకు దొరకలేదు.

అపోలో 1 తర్వాత పాడ్ మీద గాలిని 60 శాతం ఆక్సిజన్, 40 శాతం నైట్రోజన్ చేశారు. బయటి పొర నైలాన్ స్థానంలో గాజు పీచుతో నేసిన బీటా క్లాత్ వచ్చింది. తలుపు బయటికి, కొద్ది సెకన్లలో తెరుచుకునేలా మార్చారు. షటిల్, స్పేస్ స్టేషన్ నాటికి మామూలు గాలే, 21 శాతం ఆక్సిజన్. కథ సుఖాంతం అనుకుంటాం. కాదు. చంద్రుడి మీదకి, ఆ పైకి వెళ్ళే నౌకలకి నాసా 8.2 పి.ఎస్.ఐ., 34 శాతం ఆక్సిజన్ అనుకుంటోంది. స్పేస్ వాక్‌కి వెళ్ళేముందు రక్తంలోంచి నైట్రోజన్ పోగొట్టుకోవడానికి గంటలకొద్దీ ఆక్సిజన్ పీలుస్తూ కూర్చోవాలి, ఈ గాలైతే ఆ టైము బాగా తగ్గుతుంది. రోజూ బయటికెళ్ళి పనిచేయాల్సిన వాళ్ళకి అది న్యాయమైన కోరికే. కానీ 21 శాతంలో పాసైన గుడ్డ 34లో పాసవదు. ఫైర్ డిపార్ట్‌మెంట్ల వాళ్ళు వేసుకునే నోమెక్స్ కూడా 28-30 శాతం దగ్గర కాలడం మొదలెడుతుంది. అదీకాక చంద్రుడి మీద బరువు ఆరో వంతు. అక్కడ వేడిగాలి లేస్తుంది, కానీ నెమ్మదిగా. మా అమ్మమ్మ ఊదినట్టు.

ఆరుబయట అనుభవం లేదా అంటే ఉంది, 1997 ఫిబ్రవరిలో మిర్ స్టేషన్లో. ఆక్సిజన్ కోసం వెలిగించే లిథియం పెర్‌క్లోరేట్ డబ్బా ఒకటి పేలిన చిచ్చుబుడ్డిలా మండింది. స్టేషన్లో ఆరుగురు. ముగ్గురేసి పట్టే రెండు సోయజ్ నౌకల్లో ఒకదానికి వెళ్ళే దారికి ఆ మంటే అడ్డం. ఆక్సిజన్ తనే తయారుచేసుకునే మంట అది, ఫ్యాన్లు ఆపినా ఆరదు. ఎక్స్‌టింగ్విషర్ల కోసం పరిగెడితే కొన్ని గోడకి బిగించినవి బిగించినట్టే ఊడి రాలేదు. ఊడొచ్చింది వాడితే నురగ ముందుకి, మనిషి వెనక్కి! వెనక ఒకరు పట్టుకోవాల్సి వచ్చింది. మంట ఎంతసేపు ఉందన్నదాని మీద కూడా గొడవే. అధికారిక ప్రకటన తొంభై సెకన్లంది, లోపలున్న అమెరికన్ లినెంజర్ పద్నాలుగు నిమిషాలన్నాడు.

ఇన్ని జరిగినా, 2016 దాకా అంతరిక్షంలో కావాలని కాల్చి చూసిన ముక్కల సైజు మన అరచేయంత. ఎందుకంటే మనుషులున్న నౌకలో పెద్ద మంట పెట్టలేరు. కరెక్టే. కానీ నిజంగా ప్రమాదం జరిగితే మంట అరచేయంత ఉంటుందా? చివరికి ఎవరికో మంచి ఆలోచన వచ్చింది. స్టేషన్‌కి సరుకులు తెచ్చి, చెత్త నింపుకుని, వాతావరణంలో కాలిపోవడానికే బయల్దేరే సిగ్నస్ నౌకలున్నాయి కదా, ఎలాగూ కాలిపోయేదాన్లో మనం ముందే కాలిస్తే పోలా! అలా 2016 జూన్ 14న సాఫైర్ మొదటి ప్రయోగం. దాదాపు మీటరు పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు, నూలు-గాజు పీచు కలిపిన గుడ్డ. ఇక్కడైతే పైకి పాకే మంట క్షణక్షణానికీ పెరుగుతుంది. అక్కడ ఒక పొడవుకి చేరి, ఆపై పెరక్కుండా, నింపాదిగా పాకింది. ఇలాంటివి ఆరు చేశారు, ఆఖరుది 2024 జనవరిలో. నాకు ఇస్రో, నాసా వాళ్ళ ఏ లాంచి కన్నా ఇదే ఎక్కువ నచ్చింది. తమ నమ్మకాన్ని తామే తగలబెట్టి చూసుకున్నారు.

అన్నట్టు, ఇందులో మనవాడొకడున్నాడు. రాజా చారి. తండ్రి హైదరాబాదు నుంచి అమెరికా వెళ్ళినాయన. 2022 ఫిబ్రవరి 21న స్పేస్ స్టేషన్ రోబో చేతితో ఒక సిగ్నస్ నౌకని పట్టి లోపలికి తెచ్చింది ఆయనే. ఆ నౌకలో వచ్చిన సరుకుల్లో సోఫీ అనే పరికరం ఉంది. ఘన పదార్థాలు ఎలా అంటుకుంటాయి, ఎలా ఆరతాయి అని పరీక్షించడమే దాని పని. ఆయన కమాండర్ అయినప్పుడు మన పేపర్లు పేజీలు నింపాయి. ఈ సంగతి మాత్రం నాకు ఎక్కడా కనపడలేదు.

మన దేశంలో? ఐఐటీ మద్రాసులో దహన పరిశోధన కేంద్రంలో రెండున్నర సెకన్ల డ్రాప్ టవర్ ఉంది. పెట్టెలో మంట వెలిగించి పైనుంచి వదిలేస్తారు, అది పడుతున్నంతసేపు లోపల బరువుండదు. మన ఇంటర్ ఫార్ములా వేసుకోండి, రెండున్నర సెకన్లకి సుమారు ముప్పై మీటర్లు. నాసా దాంట్లో 132 మీటర్లు, 5.18 సెకన్లు. రెండున్నర సెకన్లలో ఏం తెలుస్తుంది అనకండి, పల్చటి కాగితం అంటుకుందా లేదా తెలియడానికి చాలు. మందపాటి ప్లాస్టిక్ సంగతి తెలియాలంటే చాలదు. గగన్‌యాన్ కోసం 2023 అక్టోబర్ 21న శ్రీహరికోటలో ఎస్కేప్ సిస్టం టెస్టు జరిగినప్పుడు మా ఆఫీసులో అందరం లైవ్ చూశాం, చప్పట్లు కొట్టాం. రాకెట్ ఎన్ని టన్నులో, పారాచూట్లు ఎన్నో నాకు కంఠతా వచ్చు. సీటు గుడ్డ ఏ గాలిలో ఏ టెస్టు పాసైందో ఎక్కడా చదివిన గుర్తు లేదు. ఇస్రో వాళ్ళు చేసే ఉంటారు, నాకా నమ్మకం ఉంది. ఆ రిపోర్టులు బయట పెడితే మనలాంటి వాళ్ళు చదువుకుంటారు, కాలేజీ పిల్లలు ప్రాజెక్టులు చేసుకుంటారు. బొండరెంకో సంగతి ఇరవై అయిదేళ్ళు దాస్తే ఏం లాభం వచ్చిందో చూశాం కదా.

ఇదంతా చదువుతూ నేను అంతరిక్షం గురించి ఆలోచించడం ఎప్పుడు మానేశానో నాకే తెలీదు. మూసిన కిటికీలు, ఏసీ గాలి, ఫోము, రెక్సిను, తెరలు, చార్జింగ్ తీగలు, పడుకున్న మనుషులు. ఇలాంటి కేబిన్లో మనం నెలకోసారి ఎక్కుతాం. 2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర బెంగుళూరు-హైదరాబాదు బస్సులో 45 మంది పోయారు. 2025 అక్టోబర్ 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో అటు నుంచి ఇటు వస్తున్న బస్సు. పోయినవాళ్ళలో మన ఫీల్డు వాళ్ళున్నారు. ఆ వారం మా టీంలో ఎవరూ సరిగ్గా పని చేయలేదు.

వాహనాల లోపలి గుడ్డలకి అమెరికాలో ఎప్పటి నుంచో ఉన్న నియమం ఎఫ్ఎంవిఎస్ఎస్ 302. ముక్కని అడ్డంగా పడుకోబెట్టి ఒక చివర అంటిస్తారు. నిమిషానికి 102 మిల్లీమీటర్లకన్నా వేగంగా కాలకపోతే పాస్. ఆరిపోనక్కర్లేదు, మెల్లగా కాలితే చాలు. మన ఐ.ఎస్. 15061కి కూడా ఆ అడ్డం టెస్టే మూలం. పైకీ కిందకీ తేడా లేని చోటుకి పంపే గుడ్డని నాసా నిలువుగా వేలాడదీసి, ఆరిపోతేనే ఒప్పుకుంటోంది. స్లీపర్ బస్సులో నిలువుగానే వేలాడే తెరని పడుకోబెట్టి పరీక్షించే నియమం రాసినవాళ్ళు తెర ఎలా ఉంటుందో చూడలేదా?

మైలవరం నుంచి తిరిగొచ్చేటప్పుడు బెజవాడలో రాత్రి బస్సెక్కాను. ట్రావెల్స్ పేరెందుకులెండి, అందరూ అంతే. నా బెర్తు వెనక ఎమర్జెన్సీ డోరు, దానికి అడ్డంగా మూడు మామిడికాయల పెట్టెలు. గడ్డి, న్యూస్ పేపరు, ప్లాస్టిక్ తాడు. నేను కూడా రెండు పెట్టెలు డిక్కీలో వేయించాను గానీ అది వేరే సంగతి. క్లీనర్ కుర్రాణ్ణి పిలిచి తీయించమన్నాను. "పొద్దున్నే దింపేస్తాం సార్, పడుకోండి" అన్నాడు. నేను పడుకోనన్నాను. గొణుక్కుంటూ రెండు తీశాడు. మూడోది తిరుపతిలో దింపుతాడట.

నాయుడుపేట దగ్గర మెలకువొచ్చింది. నేరుగా పోతే సూళ్ళూరుపేట, అక్కణ్ణించి శ్రీహరికోట. బస్సు తిరుపతి వైపు తిరిగింది. తెర అంచు పట్టుకుని ఫోను వెలుగులో చూశాను, ఏదైనా లేబులుందేమోనని. లేదు. లేచి ఆ మూడో పెట్టెని నా కాళ్ళ దగ్గరికి లాక్కుని, ముడుచుకుని పడుకున్నాను. తిరుపతి దాకా బెర్తంతా రసాల వాసనే.